మాస్టర్ ప్లాన్‌లో కనిపించని వాడ

ఏటా ఎం.ఏ. విద్యార్థులకు నగరీకరణ పాఠం మొదలుపెట్టే రోజున నేను తరగతి గోడకు ఒక పటం తగిలిస్తాను. అది 2013 జనవరిలో ప్రభుత్వం ఆమోదించిన హైదరాబాద్ మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ 2031. 5,965 చదరపు కిలోమీటర్ల భూభాగానికి రాబోయే కాలంలో ఎక్కడ ఇళ్లు రావాలో, ఎక్కడ పరిశ్రమలు రావాలో, ఏది పచ్చగా మిగలాలో రంగులు వేసి చెప్పే పటం అది. ప్రతి గ్రామమూ అందులో ఒక్క రంగు మరక. మీ ఊరు చూపించండి అంటే చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చిన పిల్లలు ఉత్సాహంగా లేచి వేలు పెడతారు. అందులో మాలవాడ, మాదిగవాడ ఎక్కడుందో చూపించండి అంటే తరగతి మౌనం వహిస్తుంది. వాడ ఊరి నుంచి విడిగా ఉందని ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. పటం గీసినవారికి మాత్రం ఆ సంగతి అవసరం పడలేదు.

హైదరాబాద్ విస్తరణను ఎలా నియంత్రించాలన్న చర్చ ఇప్పుడు మళ్లీ ఊపందుకున్నది. 1975లో హుడా, 2008లో హెచ్‌ఎండీఏ, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, దానికిరువైపులా కిలోమీటరు చొప్పున గ్రోత్ కారిడార్. ఇప్పుడు సుమారు 340 కిలోమీటర్ల రీజినల్ రింగ్ రోడ్డు, 2025 మార్చిలో రంగారెడ్డి జిల్లాలోని 56 గ్రామాలతో ఏర్పాటైన ఫ్యూచర్ సిటీ అథారిటీ. నిపుణుల వాదనలు ప్రధానంగా రెండు దిక్కులకు లాగుతుంటాయి. నగరాన్ని అడ్డంగా కాక నిలువుగా పెంచాలని ఒకరు, చుట్టూ హరిత వలయం ఉంచి దాని అవతల ఉపనగరాలు కట్టాలని మరొకరు. భూసేకరణకు బదులు భూసమీకరణ చేస్తే రైతు కూడా భాగస్వామి అవుతాడని ఇరుపక్షాలూ అంటాయి. ఈ వాదనలలో సాంకేతికంగా తప్పేమీ లేదు. కానీ నగరం ఎటు పెరగాలన్న ప్రశ్నకు ముందు అది ఎవరి భూమి మీదుగా పెరుగుతున్నదన్న ప్రశ్న ఒకటి ఉంది. దానిని అడగకుండా రాసిన ఏ ప్రణాళిక అయినా కులం గీసిన పాత గీతల మీదే కొత్త గీతలు గీస్తుందని నా అభిప్రాయం.

గ్రామ భూగోళం తెలిసినవారికి ఇందులో రహస్యమేమీ లేదు. చెరువు కింది తరి భూములు, ఊరి చుట్టూ ఉన్న నల్లరేగడి ఎవరి చేతుల్లో ఉండేవో అందరికీ తెలుసు. ప్రభుత్వం భూమిలేని పేదలకు పంచగలిగినది తన దగ్గర మిగిలినదే: రాళ్లూ గుట్టలూ ఉన్న కంచె, పశువుల గైరాన్, ఊరి పొలిమేరలోని బీడు. ఆ బీడును చదును చేసి, రాళ్లు ఏరి, బావి తవ్వి సాగులోకి తెచ్చినవారు ఎక్కువగా దళితులు, వెనుకబడిన కులాలవారు. ఆ పత్రాన్ని తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ లావణి పట్టా అంటారు. ఊరికి అంచున ఉన్న ఆ భూమే నగరానికి ముందుగా తగులుతుంది. పైగా అది కాగితం మీద ప్రభుత్వానిది. రోడ్డుకో, ఉపకేంద్రానికో, పారిశ్రామిక వాడకో స్థలం వెతికే అధికారి ముందుగా చూసేది సర్కారీ, అసైన్డ్ సర్వే నంబర్లనే. ఇది ఏ ఒక్క అధికారి దురుద్దేశమూ కాదు, ఖర్చు తక్కువయ్యే దారి అదే గనుక.

ఆ ఖర్చు ఎందుకు తక్కువ? 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం ఈ భూమిని అమ్మరాదు, కొనరాదు. రెండున్నర ఎకరాల తరి లేదా ఐదెకరాల ఖుష్కికి మించి లేని పేదవాడిని భూస్వాముల నుంచి, షావుకార్ల నుంచి కాపాడాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఆ కవచం లేకపోతే చాలా భూములు పెళ్లి ఖర్చుకో, ఆసుపత్రి ఖర్చుకో ఎన్నడో చేతులు మారి ఉండేవి. కానీ ఆ నిషేధం నుంచే ప్రభుత్వం మరొక అర్థం తీసింది. అమ్మే హక్కు లేదు గనుక దానికి మార్కెట్ ధర లేదు, ధర లేదు గనుక వెనక్కి తీసుకున్నప్పుడు పరిహారం ఇవ్వనక్కర్లేదు, దయతో కొంత ఎక్స్‌గ్రేషియా ఇస్తే చాలు అన్నది ఆ అర్థం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఈ వాదనను తిరస్కరించింది. అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ, దానిపై సొలేషియం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ కేసు చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చింది, అంటే సరిగ్గా నగరం పాకుతున్న దిక్కు నుంచే. ఇరవై ఏళ్లు దాటినా ఆ తీర్పును మన ప్రణాళికా శాఖల పాఠ్యాంశాల్లో నేను చూడలేదు. న్యాయశాఖ విద్యార్థులు చదువుతారు. నగర ప్రణాళిక విద్యార్థులకు అది తమ విషయంగా తోచదు.

తీర్పు ఉన్నంత మాత్రాన ఆచరణ మారిందనుకోలేము. అమరావతి భూసమీకరణను ప్రపంచస్థాయి నమూనాగా ఎన్నో వేదికల మీద కొనియాడారు. 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు. 2015 జనవరి నిబంధనల్లో మెట్ట పట్టా ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం హామీ ఇస్తే, మెట్ట అసైన్డ్ ఎకరాకు 800 గజాలే. వాణిజ్య స్థలంలోనూ అదే తేడా. పక్కపక్క చేలు, ఒకే నేల, ఒకే రాజధాని, గట్టు దాటితే విలువ వేరు. ఇక ఆ చేలలో కూలి చేసిన భూమిలేని కుటుంబానికి దక్కినది నెలకు 2,500 రూపాయల పింఛను. కూలీకి అందులో ప్లాటు లేదు, పెరిగే భూవిలువలో వాటా లేదు. భూసమీకరణలో భాగస్వామి కావాలంటే ముందు భూమి ఉండాలి. ఎవరికి భూమి ఉంది, ఎవరికి లేదు అన్నది మాత్రం ఆ నిబంధనలు పుట్టకముందే కులం తేల్చిన లెక్క. హైదరాబాద్ దక్షిణాన ఔషధ నగరం కోసం యాచారం, కందుకూరు మండలాల్లో జరిగిన భూసేకరణలోనూ పట్టాకొక ధర, అసైన్డ్‌కు అంతకంటే తక్కువ ధర ఇచ్చారన్నది రైతుల ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి.

మరోవైపు చూడండి. 2014 డిసెంబర్‌లో వచ్చిన 58, 59 నంబరు జీవోల ప్రకారం ప్రభుత్వ స్థలంలో 125 గజాలలోపు ఇల్లు కట్టుకున్న పేదవారికి ఉచితంగా, అంతకు మించి కట్టుకున్నవారికి రుసుముతో క్రమబద్ధీకరణ చేశారు. 2020లో అనుమతి లేని లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్ తెచ్చారు. పేదవాడి గూడును క్రమబద్ధం చేయడాన్ని నేను తప్పుపట్టను. నాకు వింతగా తోచేది వేరు. డబ్బున్నవాడు సర్కారు జాగా ఆక్రమిస్తే రుసుము కట్టి యజమాని కావచ్చు. సర్కారే పిలిచి ఇచ్చిన భూమిని రెండు తరాలు దున్నిన అసైన్డ్ రైతు మాత్రం ఎన్నటికీ యజమాని కాలేడు. నగరం దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా విలువ కోట్లలోకి వెళుతుంది. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరా 100.75 కోట్ల రూపాయలు పలికింది.

గత ఏడాది నా విద్యార్థులతో కలిసి ఔటర్ దాటి దక్షిణాన ఒక గ్రామానికి వెళ్లాను. ఊరి పేరు రాయను. రోడ్డుకు భూమి పోయిన కుటుంబాలలో ఒక ముసలమ్మ మాతో చాలాసేపు మాట్లాడింది. పరిహారం సంగతి అడిగితే చేయి ఆడించి పక్కకు చూసింది. ఆమె చెప్పదలచుకున్నది మరొకటి. ‘రోడ్డు మా వాడ పక్కపొంటే పోయింది సారూ. గని రోడ్డెక్కాలంటే నాలుగు మైళ్లు తిరిగిపోవాలె’ అన్నది. ఔటర్ రింగ్ రోడ్డుకు ఇంటర్‌చేంజ్‌ల దగ్గర తప్ప దారి లేదు. వేగంగా పోయే రహదారికి అది తప్పని నియమమే. అయితే ఇంటర్‌చేంజ్ ఎక్కడ పడితే భూమి ధర అక్కడ లేస్తుంది. అది వాడ పక్కన పడిన సందర్భాన్ని మా విద్యార్థులు తిరిగిన గ్రామాల్లో ఒక్కటి కూడా చూడలేదు.

అదే ఊళ్లో ఇంకొకటి చూశాము. మాదిగలు తరతరాలుగా తమవారిని పూడ్చుకునే స్థలం చుట్టూ ఒక వెంచర్ ప్రహరీ లేచింది. రెవెన్యూ రికార్డులో అది శ్మశానం కాదు, బంచరాయి. ఊరివారి శ్మశానం రికార్డులో ఉంది. వీరిది లేదు. రాసినవారు ఎవరో, ఎప్పుడు రాశారో ఊహించుకోవచ్చు. లేఅవుట్ పటంలో ఆ చోటు పార్కుగా నమోదైంది. నిబంధనల ప్రకారం ఖాళీ స్థలం వదిలారు గనుక లేఅవుట్ చట్టబద్ధమే. ఆ సాయంత్రం బస్సులో తిరిగి వస్తూ ఒక విద్యార్థిని, ‘సార్, మరి ఈసారి ఎవరైనా పోతే ఎక్కడ పెడతారు?’ అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

గ్రామాన్ని వదిలి నగరానికి రమ్మని అంబేడ్కర్ దళితులకు చెప్పడానికి బలమైన కారణమే ఉంది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన గ్రామ వ్యవస్థను తీవ్రంగా విమర్శించారు. నగరంలో పేరు అడిగేవాడు ఉండడని, కులం ఆనవాలు పలుచబడుతుందని ఆశ. ఆ ఆశ కొంత నిజమైంది కూడా. అయితే పొలిమేరలో జరుగుతున్నది వేరు. ఇక్కడ దళితుడు నగరానికి పోవడం లేదు, నగరమే అతని వాడ మీదికి వస్తున్నది, వస్తూ గ్రామపు హద్దులను తనతో తెచ్చుకుంటున్నది. 2001 జనాభా లెక్కల ఆధారంగా హైదరాబాద్ సహా ఏడు మహానగరాల వార్డులను పరిశీలించిన త్రినా వితయత్తిల్, గాయత్రీ సింగ్‌ల అధ్యయనం 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఆర్థిక స్థాయిని బట్టి ఏర్పడే వేర్పాటు కంటే కులాన్ని బట్టి ఏర్పడే నివాస వేర్పాటే ఎక్కువని అది తేల్చింది. గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఇంటిపేరు, తిండి అలవాటు అడిగే తీరు నా సహోద్యోగులలో చాలామందికి అనుభవమే.

పేదల ఇళ్ల విషయంలోనూ అదే సరళి. పెద్ద లేఅవుట్లలో, అపార్ట్‌మెంట్లలో కొంత భాగం బలహీన వర్గాలకు కేటాయించాలన్న నిబంధన మనకుంది. దానికి బదులుగా షెల్టర్ ఫీజు కట్టే వెసులుబాటు కూడా ఉంది. పేదవాడితో ఒకే గేటు పంచుకోవడం కంటే రుసుము కట్టడమే సులువు. ఆ ఇళ్లు చివరకు నగరపు అంచుకు చేరుతాయి. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు సముదాయంలో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లున్నాయి. కట్టడం నాణ్యమైనదే, నేను చూశాను. కానీ నగరంలో ఇళ్లల్లో పనిచేసే స్త్రీకి, పారిశుద్ధ్య కార్మికుడికి తెల్లవారుజామున పనికి చేరే దారి అక్కడి నుంచి ఎంత దూరం?

అయితే అసైన్డ్ భూములకు అమ్మే హక్కు ఇచ్చేస్తే సరిపోతుందా? నా మిత్రులలో కొందరు అదే కోరుతున్నారు. నాకు సందేహాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చట్ట సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై పూర్తి హక్కు కల్పించింది. 2024లో వచ్చిన ప్రభుత్వం అవకతవకలు జరిగాయన్న ఆరోపణలతో ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు నిలిపివేసింది. హక్కు వస్తుందని ముందుగా తెలిసినవాడు ముందుగా అడ్వాన్సు పెడతాడు. లాభం హక్కుదారుకు చేరకముందే దళారికి చేరుతుంది. అందుచేత నేను కోరేది అమ్మకం కాదు, వాటా. నగర విస్తరణ పరిధిలో అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా అభివృద్ధి చేసిన స్థలం రావాలి. దానిని కొన్నేళ్లపాటు అమ్మరాదన్న షరతు ఉండవచ్చు, లీజుకిచ్చుకునే హక్కు మాత్రం ఉండాలి. భూమిలేని కూలీ కుటుంబాలకు నెలవారీ పింఛనుకు బదులు అదే లేఅవుట్‌లో నివాస స్థలం రావాలి. షెల్టర్ ఫీజు వెసులుబాటు ఎత్తివేయాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించే ముందు ప్రతి గ్రామంలో వాడలు, వారి శ్మశానాలు, లావణి సర్వే నంబర్లు, అక్కడికి పోయే బాటలు నడిచి చూసి పటం మీద గుర్తించాలి. ఇది రెవెన్యూ శాఖ పని అని పట్టణాభివృద్ధి శాఖ అంటుందని నాకు తెలుసు. 2006లో 104 సిఫార్సులతో భూమి నివేదిక ఇచ్చిన సంఘానికి నాయకత్వం వహించిన కోనేరు రంగారావు ఆనాటి పురపాలక మంత్రి. ఆ రెండు శాఖల ప్రశ్న ఒకటేనని అంతకంటే బాగా తెలిసినవారు ఉండరు.

ఫ్యూచర్ సిటీ పటాలు ఇప్పుడు తయారవుతున్నాయి. రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం కోసం కొలతలు సాగుతున్నాయి. మేము ఆ ఊరి నుంచి బయలుదేరుతుంటే ఆ ముసలమ్మ నన్ను ఆపింది. ‘మా ఆడబిడ్డ ఆమన్‌గల్ దిక్కున ఉంటది సారూ. ఆమెకు రెండెకరాల లావణి ఉన్నది. మొన్న ఎవరో అచ్చి రాళ్లు పాతిన్రట. ఏం చెయ్యుమంటవ్?’ అని అడిగింది. పట్టా కాగితం, పాత పహాణీ నకళ్లు భద్రంగా దాచుకొమ్మని, ఎవరు సంతకం అడిగినా చదువుకున్నవారికి చూపించకుండా పెట్టవద్దని చెప్పాను. ఫోన్ నంబరు రాసిచ్చాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి కొంగుకు ముడివేసుకున్నది.