బహుమతి ముగ్గు

చిత్రకళా ప్రదర్శన మంటే గోడకు వ్రేలాడే పటాలే మనకు స్ఫురిస్తాయి. కాని ఏటా సంక్రాంతినాళ్ళలో నంద్యాలలోను, ఆళ్ళగడ్డలోను ఆరుబయట జరిగే ముగ్గుల పోటీలు కూడా చిత్రకళా ప్రదర్శనలే. వందలాది పాదాలు త్రొక్కే నేలయే అక్కడ ఫలకం. మరునాటికి చిత్రం చెరిగిపోతుంది. అయినా ఏ ముగ్గుకు బహుమతి వచ్చినదో ఊరివారు గుర్తుంచుకొంటారు; మరుసటి ఏడు పిల్లలు ఆ బాణీనే అనుసరిస్తారు. కనుక బహుమతి దేనికి ఇవ్వవలె నన్నది విచారింపదగిన విషయం.

ముగ్గుకు ప్రాణం గీత. గీతకు ఆధారం చుక్క. "పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందుచుక్క" అని ఇల్లాండ్రు చెప్పుకొనే మాటలో చక్కని గణితం ఇమిడి ఉన్నది. నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టి, పైనను క్రిందను వరుసకు ఒకటి చొప్పున తగ్గిస్తూ, సందులలో చుక్క లుంచుతూ 8 వరకు వస్తే మొత్తం 169 చుక్కలతో షట్కోణం ఏర్పడుతుంది. చుక్క నుంచి చుక్కకు కలిపితే గీతల ముగ్గు. చుక్కలను తాకకుండా వాటి చుట్టూ త్రిప్పితే మెలికల ముగ్గు. ఇందులో గీత ఎన్ని మలుపులు తిరిగినా బయలుదేరిన చోటికే వచ్చి చేరాలి. వ్రేళ్ళ సందున పిండి జారే వేగానికి చేయి కదిలే వేగం సరిపోవాలి. లేకుంటే గీత ఒకచోట లావెక్కి, మరొకచోట తెగిపోతుంది.

పూర్వం ముగ్గుకు బియ్యపు పిండి వాడేవారు. అది చీమలకు, పిచ్చుకలకు ఆహార మయ్యేది. తరువాత తెల్లని రాతిపొడి వచ్చింది. రాయలసీమలోని మంగంపేట వద్ద దొరికే బెరైటీసు ఖనిజానికి తెలుగులో ముగ్గురాయి అనియే పేరు. ఇప్పుడు పోటీలలో రంగుపొడులదే పైచేయి. నెమళ్ళు, పొంగలి కుండలు, చెరకుగడలు దూరానికే కన్నులను ఆకర్షిస్తాయి. ఆ వేడుకను కాదనలేము. అయితే రంగు గీతలోని వణుకును కప్పివేస్తుంది. రంగుకే బహుమతి దక్కుతూ ఉంటే, అవ్వ నుంచి మనుమరాలికి చేతితోనే అందుతూ వచ్చిన మెలికల విద్యను నేర్చేవారు తగ్గిపోతారు.

ఆళ్ళగడ్డ శిల్పులను చూడండి. ఉలి పెట్టకముందే వారు తాళమానం ప్రకారం రాతిపై కొలతలు గుర్తించి, బొమ్మను గీసుకొంటారు. ఆ గీత తప్పితే ఎంత నునుపు పెట్టినా విగ్రహానికి పొందిక రాదు. ముగ్గుకూ ఇదే న్యాయం.

కనుక పోటీలు జరిపేవారు రంగుల ముగ్గులతోపాటు తెల్లని చుక్కల ముగ్గుకు ప్రత్యేకంగా ఒక బహుమతి కేటాయించడం మంచిది. శ్రోతలు కూడా ఈ ధనుర్మాసంలో వీధి ముగ్గులను చూచేటప్పుడు ముందుగా చుక్కలను లెక్కించండి. పిమ్మట ఒక గీతను పట్టుకొని, అది తిరిగి మొదటికి చేరేవరకు కంటితో వెంబడించండి. అది ఎక్కడా తడబడకుండా చేరితే, ఆ ఇల్లాలి చేయి బహుమతికి తగినదే.