పెద్ద పుచ్చకాయ: చివరి వారాల సంరక్షణ

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పుచ్చకాయ పరిమాణం వేటి మీద ఆధారపడుతుందో చెప్పగలుగుతారు.
• చివరి వారాల్లో ఆకులను, కాయను, నీటిని ఎలా చూసుకోవాలో వివరించగలుగుతారు.
• దారంతో కాయ పెరుగుదలను కొలవగలుగుతారు.
• కాయను ఏ రోజు కోయాలో స్వయంగా నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం
మీరు జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో ఉంటే సువర్ణరేఖ నది మీకు కొత్త కాదు. వేసవిలో నీరు తగ్గి ఇసుక బయటపడుతుంది. నాగావళి, వంశధార తీరాల నుంచి వచ్చిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఇసుకలో గుంట తవ్వి, గత్తం వేసి, పుచ్చ గింజలు నాటే పద్ధతి వారికి తెలిసే ఉంటుంది. సాక్చి బజారులో మనం 'తర్బూజ్' అని అడిగి కొనేది ఈ పుచ్చకాయనే.

గింజ నాటడం, నీరు పెట్టడం చాలామందికి తెలుసు. నష్టం ఎక్కువగా వచ్చేది చివరిలో. మూడు నెలలు పెంచిన కాయ ఒక్క గాలివానకు పగలవచ్చు. ఒక వారం ముందు కోస్తే చప్పగా ఉంటుంది. ఒక వారం ఆలస్యమైతే కుళ్లవచ్చు, లేదా నది పాలు కావచ్చు. కాబట్టి ఈ పాఠంలో చివరి వారాల గురించి ముఖ్యంగా తెలుసుకుందాం.

2. కాయ ఎంత పెద్దది కాగలదు?
మొదట రకం చూడాలి. 'షుగర్ బేబీ' రకం కాయ సాధారణంగా 3 నుంచి 5 కిలోలు తూగుతుంది. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన 'అర్క మాణిక్' కాయ సుమారు 6 కిలోలు ఉంటుంది. ఎంత ఎరువు వేసినా 'షుగర్ బేబీ' 50 కిలోల కాయ కాదు.

మీకు తెలుసా?
అమెరికాలో 'కరోలినా క్రాస్' అనే రకాన్ని బరువు పోటీల కోసమే పెంచుతారు. ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణానికి చెందిన లాయిడ్ బ్రైట్ 2005లో సుమారు 122 కిలోల కాయ పండించారు. 2013లో టెన్నెసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ కెంట్ పండించిన కాయ సుమారు 159 కిలోలు తూగింది. అంటే ఇద్దరు పెద్దమనుషుల బరువు!

రెండవది, తీగ మీద ఉన్న కాయల సంఖ్య. ఆకులు ఎండలో ఆహారం తయారు చేస్తాయి. ఆ ఆహారాన్ని కాయలన్నీ పంచుకుంటాయి. ఒక కుటుంబం వండిన అన్నాన్ని నలుగురు తింటే ఒక వాటా, ఒక్కరే తింటే మరో వాటా కదా! అందుకే పెద్ద కాయ కావాలనుకునేవారు తీగకు ఒక్క మంచి పిందెను ఉంచి, మిగిలిన వాటిని చిన్నవిగా ఉన్నప్పుడే తుంచివేస్తారు. ఉంచే పిందె మచ్చ లేకుండా, వంకర లేకుండా ఉండాలి.

3. చివరి వారాల్లో చేయవలసిన పనులు

(అ) ఆకులను కాపాడండి
చివరి రోజుల్లో కూడా కాయకు ఆహారం అందించేది ఆకే. ఆకులు ఎండిపోతే కాయ పెరగదు, తీపి కూడా చేరదు. కాయ ఊరింది కదా అని తీగను పట్టించుకోకపోవడం పెద్ద పొరపాటు. ఆకు అడుగు భాగాన్ని రెండు రోజులకు ఒకసారి తిప్పి చూడండి. పేనుబంక, ఎర్రనల్లి అక్కడే చేరతాయి. ఆకు మీద తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. మందు చల్లవలసి వస్తే, చల్లిన తరువాత ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. అది చదివిన తరువాతే మందు వాడండి. తీగలను తొక్కకండి, తిప్పి వేయకండి.

(ఆ) నీరు సమంగా ఇవ్వండి
పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీరే. అయినా ఎక్కువ నీరు పోస్తే ఎక్కువ బరువు వస్తుందని అనుకోకండి. నేల బాగా ఎండిన తరువాత ఒక్కసారిగా నీరు అందితే, లోపలి గుజ్జు వేగంగా ఉబ్బుతుంది. పై తొక్క అంత వేగంగా సాగలేదు. కాయ పగులుతుంది. మే నెలలో ఈ ప్రాంతంలో వచ్చే గాలివానల తరువాత కాయలు పగలడానికి ఇదే కారణం. వాన రాకముందు నేలలో కొంత తేమ ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది.

పెరట్లో పెంచేవారు తీగ మొదటికి కాస్త దూరంలో మట్టికుండను మూతి వరకు పాతిపెట్టి, నీరు నింపి, మూత పెట్టవచ్చు. నీరు నెమ్మదిగా ఊరి వేళ్లకు అందుతుంది. కాయ పండే దశలో నీరు కొద్దికొద్దిగా తగ్గించండి. పూర్తిగా ఆపకండి.

(ఇ) ఎరువు విషయంలో తొందరపడకండి
చివరిలో యూరియా వేస్తే కొత్త తీగ, కొత్త ఆకు వస్తాయి. కాయ పండడం ఆలస్యమవుతుంది. యూరియా వంటి నత్రజని ఎరువులు తీగ సాగే దశలోనే వేయాలి.

(ఈ) కాయ కింద పరుపు వేయండి
తడి నేల మీద ఆనిన చోట కాయ కుళ్లుతుంది. కాయను కొద్దిగా ఎత్తి కింద ఎండుగడ్డి వేయండి. తొడిమ మెలిపడకుండా చూడండి. ఎండ నేరుగా పడితే పైన కూడా గడ్డి కప్పండి. పండు ఈగ కుట్టి కుళ్లిన కాయలను పాదు దగ్గర వదలకండి. లోతుగా పూడ్చివేయండి.

4. దారంతో కొలవడం
కాయ ఇంకా పెరుగుతున్నదా, ఆగిపోయిందా? కంటితో చెప్పడం కష్టం. ఒక దారం తీసుకొని రోజూ ఉదయం కాయ మధ్యభాగం చుట్టూ ఒకేచోట కొలవండి. నోటు పుస్తకంలో రాయండి. ఉదాహరణకు:

1వ రోజు – 90 సెం.మీ.
4వ రోజు – 93 సెం.మీ.
7వ రోజు – 95 సెం.మీ.
10వ రోజు – 96 సెం.మీ.
13వ రోజు – 96 సెం.మీ.

90 నుంచి 96కు పెరిగింది 6 సెంటీమీటర్లే. కాని గుండ్రని కాయ అన్ని వైపులా పెరుగుతుంది. కాబట్టి బరువు సుమారు ఐదో వంతు పెరుగుతుంది. 12 కిలోల కాయ దాదాపు పద్నాలుగున్నర కిలోలు అవుతుంది. కొలత పెరుగుతున్నంత కాలం ఓపిక పట్టడం లాభమే. 10వ రోజు తరువాత కొలత మారలేదు. ఇక వేచి ఉంటే బరువు పెరగదు. ఇప్పుడు కాయ పండిందా అని చూడాలి.

5. కాయ పండినట్లు గుర్తులు
• కాయ తొడిమ దగ్గరి నులితీగ పూర్తిగా ఎండిపోతుంది.
• నేలకు ఆనిన చోట తెల్లని మచ్చ పసుపు రంగుకు మారుతుంది.
• వేలితో తడితే గణగణమనే మోత పోయి బొంగురు మోత వస్తుంది.

ఒక్క గుర్తును చూసి కోయకండి. రెండు మూడు గుర్తులు కలిసి కనిపించాలి. కోసిన తరువాత పుచ్చకాయలో తీపి పెరగదు. మామిడికాయలా గడ్డిలో మగ్గబెట్టడం కుదరదు.

6. ఎప్పటి వరకు ఆగాలి?
జంషెడ్‌పూర్ ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ మధ్యభాగంలో వస్తాయి. సువర్ణరేఖకు ఎగువన చాండిల్ దగ్గర ఆనకట్ట ఉంది. వానాకాలంలో దాని గేట్లు ఎత్తితే దిగువన నీటిమట్టం పెరుగుతుంది. ఇసుకలో వేసిన పంటకు ఇది చివరి గడువు.

అందుకే లెక్క వెనుక నుంచి వేయండి. జూన్ మొదటి వారానికి కాయ ఇంటికి చేరాలి. మామూలు రకాల్లో పిందె పట్టిన తరువాత కాయ పండడానికి సుమారు 35 నుంచి 45 రోజులు పడుతుంది. పెద్ద రకాలకు ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి ఏప్రిల్ మొదటి వారానికే మంచి పిందె నిలవాలి. మే నెలలో పట్టిన పిందె మీద ఆశ పెట్టుకోవద్దు. దానిని తుంచివేస్తే ఆ ఆహారం పెద్ద కాయకు దక్కుతుంది.

ఆకులు చాలావరకు ఎండిపోయినా, నది పొంగే సూచన ఉన్నా, ఇంకో రెండు కిలోల కోసం ఆగకండి. చేతికి వచ్చిన కాయే పంట.

కోసేటప్పుడు తొడిమ కొంత ఉంచి కత్తితో కోయండి. తొడిమను పట్టి ఎత్తకండి. పెద్ద కాయ అయితే కింద గోనెపట్టా జరిపి, ఇద్దరు చెరో వైపు పట్టుకొని మోయండి.

గుర్తుంచుకోండి
• రకం హద్దు నిర్ణయిస్తుంది, ఆకులు ఆ హద్దు వరకు తీసుకువెళతాయి.
• తీగకు ఒక్క కాయ.
• నీరు సమంగా, కొలత రోజూ.
• వానకు ముందే కోత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. పెద్ద కాయ కావాలంటే మిగిలిన పిందెలను ఎందుకు తుంచాలి?
2. గాలివాన తరువాత కాయ ఎందుకు పగులుతుంది?
3. నులితీగ ఎండింది. కాని నేల మచ్చ తెల్లగానే ఉంది. మీరు కోస్తారా?
4. మీ ఇంట్లో పుచ్చకాయ కొన్నప్పుడు దాని మచ్చ రంగు, తట్టినప్పుడు వచ్చిన మోత రాసుకోండి. కోసిన తరువాత రుచితో పోల్చండి.

జవాబులు
1. ఆకులు తయారు చేసిన ఆహారం ఒక్క కాయకే అందడానికి.
2. ఒక్కసారిగా అందిన నీటికి గుజ్జు వేగంగా ఉబ్బుతుంది. తొక్క అంత వేగంగా సాగలేదు.
3. కోయకూడదు. తట్టి చూడాలి, కొలత చూడాలి. వాన, వరద ప్రమాదం లేకపోతే మరికొన్ని రోజులు ఆగాలి.
4. ఇది మీరు స్వయంగా చేయవలసిన పని.