ఊరి పేరు, ఊరి అంకె

తెలుగునాట ఆత్మకూరులు అనేకములు. నెల్లూరు సీమలో నొకటి, వనపర్తి ప్రాంతమున నొకటి, మోత్కూరు చెంత నొకటి కలవు. అందుచే సూర్యాపేట దగ్గఱి ఆత్మకూరునకు 'ఎస్' అను అక్షరమును తగిలించి వ్రాయుదురు. ఆ గ్రామస్థు నడిగిచూడుడు: ఆత్మకూరు ఒక్కటే, తక్కినవి పేరు అరువు తెచ్చుకొన్నవి!

పెద్దలారా, ఈ అభిమానము మనకు క్రొత్తది కాదు. తెలుగువారి ఇంటిపేర్లలో ఊరిపేర్లే మెండు. సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమఱ్ఱియే పినవీరభద్రకవికి ఇంటిపేరైనదని చెప్పుదురు. మన పేరుకంటె ముందు మన ఊరు నడచును.

ఇప్పుడు ఊళ్లకు పేరేగాక అంకెయు వచ్చినది. నివాసమునకు మేలైన నగరము లివియని పత్రికలు పట్టికలు ప్రకటించుచున్నవి. 2019లో మెర్సర్ అను విదేశీసంస్థ ప్రపంచ నగరములను తూచి, హైదరాబాదు, పుణె నగరములకు 143వ స్థానమిచ్చినది. భారతదేశములో అవియే మొదటివి. మనవారు పొంగిపోయిరి. అయితే ఆ లెక్క యెవరి కొఱకు? వ్యాపారసంస్థలు తమ ఉద్యోగులను పరదేశమునకు పంపునపుడు ఎంత అదనపు భత్యమీయవలెనో తేల్చుకొనుటకు. కొన్నేండ్లుండి వెడలిపోవువాని కన్ను అది. పుట్టినచోటనే ముసలియగువాని సుఖదుఃఖములు దానికి కానరావు.

2021లో కేంద్రప్రభుత్వము వేఱొక పట్టిక ప్రకటించినది. అందు పౌరుల నడిగి తెలిసికొన్న అభిప్రాయమునకు నూటికి 30 పాళ్లు విలువ కట్టిరి. పది లక్షలకు మించిన జనముగల నగరములలో బెంగుళూరు మొదటిది, హైదరాబాదు 24వది. రెండేండ్లలో నగరము మారలేదు, కొలపాత్ర మారినది.

ఇక పల్లెలవంతు. 2025లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2 లక్షల 16 వేలకు పైగా పంచాయతీలకు మార్కులు వేసినది. వానిలో 699 మాత్రమే ముందువరుసకు వచ్చినవి. అందు 270 తెలంగాణములోనివి. ఈ లెక్క పరదేశికొఱకు గాదు. దారిద్ర్యము, ఆరోగ్యము, బాలల సంక్షేమము, నీటివసతి, పరిశుభ్రత మొదలగు 9 విషయములు ఇందు కలవు.

ఇక్కడ ఒకమాట చెప్పక తప్పదు. 2016 వఱకు సూర్యాపేట సీమ నల్లగొండ జిల్లాలోనిదే. ఆ జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారు ఎందఱో! ఊరిపై ప్రేమ లేక కాదు. బావినీటిలో నేమున్నదో చాలకాలము తెలియక. ఊరిని మెచ్చుకొనుటతో ఆ నీరు మంచిది కాలేదు గదా.

కనుక మన పంచాయతీకి వచ్చిన అంకె పెద్దదో చిన్నదో అటుంచి, నీటి శీర్షికక్రింద ఏమి వ్రాసిరో చూడవలెను. వచ్చు గ్రామసభలో ఆ పుటను బిగ్గఱగా చదివి వినిపింపుమని కార్యదర్శి నడుగవచ్చును.