డీజిల్ పికప్ బండికి కొత్త బ్యాటరీ: ఎంపిక వెనుక ఉన్న భౌతికశాస్త్రం



గుజరాత్‌లోని సూరత్ నగరానికి పడమటి దిక్కున, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే ప్రాంతంలో హజీరా ఉంది. ఓడరేవు, ఉక్కు, ఎరువులు, సహజవాయువు కర్మాగారాలతో నిండిన పారిశ్రామిక ప్రాంతం అది. సౌరాష్ట్ర తీరంలోని ఘోఘాకు, హజీరాకు మధ్య వాహనాలను మోసుకెళ్ళే నౌకా సేవ 2020 నవంబరు 8న ప్రారంభమైంది. రోడ్డు మీద సుమారు 370 కిలోమీటర్ల దూరం, సముద్రం మీదుగా 90 కిలోమీటర్లకు తగ్గింది.

సరుకు నింపుకున్న ఒక డీజిల్ పికప్ బండి అలాంటి నౌక ఎక్కిందనుకుందాం. ప్రయాణం ముగిసేవరకు ఇంజను ఆపి ఉంచాలి. రేవు చేరాక తాళంచెవి తిప్పగానే బండి కదలాలి. అప్పుడు ‘టక్ టక్’ మనే శబ్దం తప్ప ఇంజను తిరగకపోతే వెనుక ఉన్న బండ్లన్నీ ఆగిపోతాయి. ఆ రోజు కిరాయి కూడా పోవచ్చు. డ్రైవరు హడావిడిగా బ్యాటరీ దుకాణానికి పరుగెత్తి, “ఎన్ని ప్లేట్లు? ఎంత ధర? ఎన్నేళ్ళ గ్యారంటీ?” అని అడుగుతాడు. ఈ మూడు ప్రశ్నలూ అవసరమే. కాని అసలు ప్రశ్న వేరే ఉంది. అదేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. బ్యాటరీ లోపల ఏముంది?

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసం–ఆమ్లం ఘటాన్ని నిర్మించాడు. నేటి బండ్లలోని బ్యాటరీ మూలసూత్రం కూడా అదే. ధన ఫలకం మీద లెడ్ డయాక్సైడు, ఋణ ఫలకం మీద మెత్తని సీసం, వాటి మధ్య సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. కరెంటు తీసుకుంటున్నప్పుడు రెండు ఫలకాల మీదా లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. ఆమ్లం ఖర్చయి నీరు పెరుగుతుంది. చార్జింగు చేస్తే ఈ చర్య వెనక్కి నడుస్తుంది.

పూర్తిగా చార్జి అయిన ఒక్కొక్క ఘటం సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలను శ్రేణిలో కలిపితే 12.6 వోల్టులు వస్తాయి. మనం “12 వోల్టుల బ్యాటరీ” అని పిలిచేది దీన్నే.

2. డీజిల్ ఇంజనుకు అంత కరెంటు ఎందుకు?

పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఇంధనాన్ని మండిస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడితోనే ఇంధనం మండేలా చేస్తారు. అందుకే పెట్రోలు ఇంజనులో సంపీడన నిష్పత్తి సాధారణంగా 8 నుంచి 12 వరకు ఉంటే, డీజిల్ ఇంజనులో అది 15 నుంచి 22 వరకు ఉంటుంది. అంత గాలిని నొక్కుతూ ఇంజనును తిప్పడానికి సెల్ఫ్ మోటారుకు రెండు మూడు సెకన్లపాటు వందల ఆంపియర్ల కరెంటు కావాలి.

ఇక్కడే ‘అంతర్నిరోధం’ అనే భావన అవసరమవుతుంది. సెల్ఫ్ మోటారుకు 300 ఆంపియర్లు కావాలనుకుందాం. మంచి బ్యాటరీ అంతర్నిరోధం 0.008 ఓమ్ అయితే, లోపలే నష్టమయ్యే వోల్టేజి 300 × 0.008 = 2.4 వోల్టులు. మోటారుకు 10.2 వోల్టులు అందుతాయి. ఇంజను తిరుగుతుంది.

పాతబడిన బ్యాటరీ అంతర్నిరోధం 0.02 ఓమ్‌కు పెరిగిందనుకుందాం. అదే కరెంటుకు 6 వోల్టులు లోపలే పోతాయి. మిగిలిన 6.6 వోల్టులతో మోటారు ఆ కరెంటును తీసుకోనే లేదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు మీటరు పెడితే మాత్రం ఈ బ్యాటరీ కూడా 12.5 వోల్టులు చూపవచ్చు! కనుక అసలు ప్రశ్న ఇది: భారీ కరెంటు ఇస్తున్నప్పుడు ఈ బ్యాటరీ ఎంత వోల్టేజిని నిలుపుకోగలదు?

3. ముందు దోషం ఎక్కడుందో చూడాలి

సెల్ఫ్ పనిచేయనంత మాత్రాన బ్యాటరీ చెడిపోయిందని తీర్మానించకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ ధ్రువాల మధ్య సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు ఉండాలి. అంతకంటే బాగా తక్కువ ఉంటే ఆల్టర్నేటరును గాని, దాని బెల్టును గాని అనుమానించాలి. టెర్మినళ్ళకు చిలుము పట్టినా ఇదే కష్టం వస్తుంది. అక్కడ 0.01 ఓమ్ నిరోధం ఏర్పడితే 300 ఆంపియర్లకు 3 వోల్టులు నష్టమవుతాయి. హజీరా వంటి సముద్రతీరంలో ఉప్పుగాలి వల్ల ఈ చిలుము త్వరగా పడుతుంది. దాన్ని శుభ్రం చేసి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే కొత్త బ్యాటరీ ఖర్చు తప్పిపోవచ్చు.

4. లేబులు మీది అంకెలు

ఆంపియర్–గంటలు: ఇది నిల్వ సామర్థ్యం. 20 గంటల ప్రమాణంలో 80 ఆంపియర్–గంటలంటే, 4 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని అర్థం. అంతేగాని 80 ఆంపియర్లు నికరంగా ఒక గంట ఇస్తుందని కాదు.

శీతల ప్రారంభ కరెంటు: దీన్ని సీసీఏ అంటారు. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 సెకన్లపాటు, వోల్టేజి 7.2 కంటే తగ్గకుండా ఇవ్వగల కరెంటు ఇది. హజీరాలో అంత చలి ఎన్నడూ ఉండదు కదా, ఈ అంకె మనకెందుకు? అంతర్నిరోధం ఎంత తక్కువో పోల్చడానికి ఇది అందరికీ ఒకే కొలబద్ద. బండి తయారీదారు చెప్పిన విలువకు తగ్గకూడదు. మన వేడి ప్రాంతంలో దాన్ని చాలా మించిపోవాలని అదనంగా డబ్బు పోయనవసరమూ లేదు.

పరిమాణ సంకేతం: కొన్ని బ్యాటరీల మీద ‘95 డి 31 ఆర్’ వంటి జపాను ప్రమాణపు సంకేతం ఉంటుంది. ఇందులో 95 పనితీరు స్థాయిని సూచించే అంకె. అది ఆంపియర్–గంటలు కాదు. ‘డి’ వెడల్పు, ఎత్తుల తరగతి. 31 అంటే పొడవు సుమారు 31 సెంటీమీటర్లు. చివరి అక్షరం ధ్రువాలు ఏ వైపున ఉన్నాయో తెలుపుతుంది. ఇది తప్పితే తీగలు అందవు.

తయారీ తేదీ: వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను చార్జి కోల్పోతుంది. అలా చాలాకాలం వదిలేస్తే లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి తిరిగి కరగదు. దుకాణంలో నెలల తరబడి నిలవున్న సరుకు వద్దు.

5. రెండు బ్యాటరీలుంటే?

మన దేశంలోని బొలెరో వంటి పికప్ బండ్లకు ఒక్క 12 వోల్టుల బ్యాటరీ చాలు. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్–250 వంటి పెద్ద డీజిల్ పికప్‌లలో రెండింటిని సమాంతరంగా కలుపుతారు. వోల్టేజి 12 గానే ఉంటుంది, అంతర్నిరోధం సగమవుతుంది. మన పెద్ద లారీలలో రెండింటిని శ్రేణిలో కలిపి 24 వోల్టులు పొందుతారు.

ఏ సంధానమైనా, ఒక్కటే మార్చడం మంచిది కాదు. ఒకే కాడికి కోడెను, ముసలి ఎద్దును కట్టినట్లవుతుంది. సమాంతర సంధానంలో వోల్టేజి తగ్గిన పాతది కొత్తదాని నుంచి కరెంటు లాగుతూనే ఉంటుంది. శ్రేణి సంధానంలో 28 వోల్టుల చార్జింగు చెరి 14గా పంచుకోవలసింది, ఒకదానికి 15, మరొకదానికి 13గా చీలిపోవచ్చు. మొదటిది నీరు కోల్పోతుంది, రెండోది ఎప్పటికీ నిండదు. అందుకే రెండింటినీ ఒకే రకం, ఒకే సామర్థ్యం, ఒకే కాలానికి చెందినవిగా ఒకేసారి మార్చాలి.

6. చలి కన్నా వేడి ప్రమాదం

చలిలో బ్యాటరీ బలహీనపడుతుంది. వేడిలో దాని ఆయుష్షు తరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూల నియమం. ఫలకాల జాలీ తినిపోవడం, నీరు ఆవిరవడం రెండూ పెరుగుతాయి. మూతలున్న రకమైతే వేసవిలో తరచుగా మట్టం చూసి డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. కుళాయి నీటిలోని లవణాలు ఫలకాలకు హానిచేస్తాయి.

7. మార్చేటప్పుడు, మార్చిన తరువాత

విప్పేటప్పుడు ముందుగా ఋణ ధ్రువాన్ని, బిగించేటప్పుడు చివరగా ఋణ ధ్రువాన్ని ముట్టుకోవాలి. అలా చేస్తే పానా బండి లోహభాగానికి తగిలినా షార్ట్ సర్క్యూట్ కాదు. చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఆమ్లం కంట్లో పడితే వెంటనే ధారగా నీటితో చాలాసేపు కడిగి, వైద్యుని వద్దకు వెళ్ళాలి.

పాత బ్యాటరీని దుకాణదారుకే తిరిగి ఇవ్వాలి. దాన్ని ఇంటి పెరట్లో పగలగొట్టి సీసం కరిగించడం అత్యంత ప్రమాదకరం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మన దేశంలో 2001 నాటి నిబంధనల స్థానంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. వాడిన బ్యాటరీల సేకరణ, పునర్వినియోగం ఉత్పత్తిదారుల బాధ్యత అని అవి చెబుతున్నాయి.

సారాంశం

ముందు దోషం బ్యాటరీదేనా అని పరీక్షించాలి. బండి తయారీదారు చెప్పిన వోల్టేజి, సీసీఏ, ఆంపియర్–గంటలు, పరిమాణం, ధ్రువాల అమరిక సరిపోల్చాలి. తాజా తయారీని ఎంచుకోవాలి. జంట ఉంటే జంటగానే మార్చాలి. ధర చూడటం ఆ తరువాతి సంగతి.

ఆలోచించండి

1. అంతర్నిరోధం 0.01 ఓమ్ ఉన్న రెండు 12.6 వోల్టుల బ్యాటరీలను సమాంతరంగా కలిపారు. మొత్తం 400 ఆంపియర్లు తీసుకుంటే ధ్రువాల మధ్య వోల్టేజి ఎంత?

2. సెల్ఫ్ తిప్పేటప్పుడు హెడ్‌లైట్లు ఎందుకు మసకబారతాయి?

3. మీ ఇంటి దగ్గరి బ్యాటరీ దుకాణానికి వెళ్ళి, మూడు బ్యాటరీల లేబుళ్ళ మీది అంకెలను రాసుకుని పోల్చండి. వాటిలో ఏ అంకె అంతర్నిరోధం గురించి చెబుతోంది?