ఊసరవెల్లియు చలిరాత్రియు

చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరము పూర్వము ఒక జమీందారీకి ముఖ్యపట్టణము. వేణుగోపాలస్వామి ఆలయమును, రాతిమెట్లతో ఒప్పు స్కందపుష్కరిణియు ఆ ఊరికి పేరు తెచ్చినవి. ఊరి చుట్టుప్రక్కల కొండలు, మామిడితోటలు, చింత, వేప, కానుగ చెట్లు, ముండ్లకంచెలు కానవచ్చును. కొమ్మపై కదలక నిలిచి, చూచువారి కంటికి తానును ఒక ఆకువలెనే తోచు ప్రాణికి ఇట్టి ప్రదేశములు అనువైన నివాసములు. ఆ ప్రాణియే ఊసరవెల్లి.

“తొండ ముదిరి ఊసరవెల్లి అయినది” అని తెలుగువారు సామెత చెప్పుదురు. మనుష్యుల స్వభావమును ఎత్తిపొడుచుటకు ఆ సామెత చక్కగా పనికివచ్చును గాని, ప్రకృతిశాస్త్రమున అది నిలువదు. తొండ ఎంత ముదిరినను తొండయే. తొండ చురుకుగా పరుగెత్తును. ఊసరవెల్లి అడుగు తీసి అడుగు వేయుటకు ఆలోచించుచున్నట్లు నడచును. దాని పాదములందలి ఐదు వ్రేళ్లు ఒకవైపు రెండును, మరియొకవైపు మూడును కలిసి పట్టకారువలె కొమ్మను పట్టుకొనును. తోక అయిదవ చేయివలె కొమ్మకు చుట్టుకొనును. కన్నులు రెండును వేరువేరు దిక్కులకు తిరుగగలవు. ప్రపంచమున రెండువందలకు పైగా ఊసరవెల్లి జాతులు కలవు. వానిలో సుమారు సగము మడగాస్కరు ద్వీపముననే ఉన్నవి. దక్షిణభారతమున కనబడు జాతియే సింహళమునందును కలదు.

మార్గశిర పుష్య మాసములయందు రాత్రులు చల్లనగును. అట్టి దినములలో ఒక బాలుడు కంచెమీద ఊసరవెల్లిని చూచి, ముచ్చటపడి, ఇంటికి తెచ్చి గంపక్రింద మూసెనని భావింపవచ్చును. రాత్రి అయిన పిమ్మట అతడు గంప ఎత్తి చూచును. అది కన్నులు మూసి కదలకుండును. తాకినచో మంచువలె చల్లగా ఉండును. “అయ్యో! ఇది చలికి చచ్చిపోవుచున్నది” అని బాలుడు జాలిపడి, కుంపటి తెచ్చి దాని ప్రక్కన పెట్టును, లేదా విద్యుద్దీపమును దానిపై వ్రేలాడదీయును. బాలుని మనస్సు మంచిదే. కాని ఆ ప్రాణికి చలికంటె ఈ జాలియే ఎక్కువ అపాయము కలిగించును. ఏల?

మనుష్యుని దేహమునందు ఆహారము ఇంధనమువలె పనిచేసి వేడిమిని పుట్టించుచుండును. వెలుపల ఎండయైనను చలియైనను ఆరోగ్యవంతుని దేహపు వేడిమి ఇంచుమించు 37 డిగ్రీలే. ఊసరవెల్లికి ఇట్టి లోపలి పొయ్యి లేదు. రాత్రి గాలి 18 డిగ్రీలున్నచో దాని దేహమును ఇంచుమించు 18 డిగ్రీలకు దిగును. అప్పుడు గుండె మెల్లగా కొట్టుకొనును, శ్వాస తగ్గును, కండరములు సడలును. అది రోగము కాదు, విశ్రాంతి. దేహము చల్లబడినకొలది ఖర్చగు ఆహారబలమును తగ్గును. కావున మితమైన చలిరాత్రి దానికి పొదుపునకు సాధనమగుచున్నది. కెన్యాదేశపు పర్వతముల వాలులయందు నివసించు మూడుకొమ్ముల ఊసరవెల్లి ఇంతకంటె చల్లని రాత్రులను సహించుచున్నది.

రాత్రి చల్లబడిన దేహమును ఉదయమున వేడి చేసికొనవలెను గదా! ఊసరవెల్లి రంగు మార్చుటకు గల కారణములలో ఇది యొకటి. ఏ వస్తువుపై కూర్చున్న ఆ వస్తువు రంగును తెచ్చుకొనునని సామాన్యముగా చెప్పుదురు. అది నిజము కాదు. తోటి ఊసరవెల్లులకు తన కోపమును, భయమును, స్నేహమును తెలుపుటకును, వేడిమిని సవరించుకొనుటకును అది ముఖ్యముగా రంగు మార్చును. తెల్లవారి నీరెండ సోకగానే చర్మమునందలి నల్లని రంగుకణములు విప్పారును. దేహము ముదురురంగు తాల్చును. నల్లని వస్త్రము ఎండలో త్వరగా వేడెక్కునట్లే నల్లని చర్మమును వేడెక్కును. అంతియేకాక అది తన దేహమును ఆకువలె పలుచగా చేసి, ప్రక్కభాగమును సూర్యునివైపు త్రిప్పి నిలుచును. తగినంత వేడిమి లభించిన పిమ్మట రంగు తేలికపడును; ఎండ ముదిరినచో అది నీడకు జరుగును.

ఈ రంగుల రహస్యమును జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మడగాస్కరు జాతి యొకదానియందు పరిశీలించి, 2015లో వెల్లడించిరి. చర్మకణములలో మిక్కిలి సూక్ష్మమైన స్ఫటికములు వరుసలు దీరియుండును. వాని నడిమి దూరము మారినప్పుడు రంగును మారును. వాని క్రింద మరియొక పొరయందున్న పెద్ద స్ఫటికములు సూర్యుని వేడికిరణములను వెనుకకు మరల్చును. ఇట్లు ఆ చర్మము ఒకేసారి వస్త్రమును, గొడుగును అయినది.

చలి ఉదయమున దేహము ఇంకను మందముగా ఉన్నను ఊసరవెల్లి ఆకలికి మాడనవసరము లేదు. దాని నాలుక విల్లువంటిది. కండరము మెల్లగా బిగిసి, సాగెడు పొరలయందు బలమును నిలువచేయును. విడిచినంతనే నాలుక బాణమువలె దూకును. వేగము బిగించిన పొరలదిగాని కండరముది కాదు. కావున చలి దానినంతగా తగ్గింపలేదు. అమెరికా శాస్త్రజ్ఞులు 2010లో యెమెన్ దేశపు జాతితో దీనిని నిరూపించిరి. వేడిమి 10 డిగ్రీలు తగ్గినప్పుడు నాలుకను విసరు శక్తి ఐదవవంతుకంటె తక్కువయే తగ్గినది. కండరబలముతో నాలుకను వెనుకకు లాగు శక్తియో, ఐదింట రెండు వంతులకు మించి తగ్గినది.

చలిరాత్రి వలన మరియొక మేలును కలదు. ఊసరవెల్లి సాధారణముగా పాత్రలోని నీటిని త్రాగదు. ఆకులపైని నీటిబిందువులను నాకి దాహము తీర్చుకొనును. వానలు వెనుకపట్టిన దినములలో రాత్రి కురిసిన మంచే దానికి చలివేంద్రము.

ఇప్పుడు గంపక్రింది ఊసరవెల్లి సంగతి విచారింపవలెను. కుంపటివేడి గాలిలోని తేమను హరించును. అక్కడ ఆకును లేదు, మంచుబిందువును లేదు. బొగ్గుల పొగ మూసిన గదిలో మనుష్యునికే ప్రాణాపాయము. చిన్నప్రాణి మాట చెప్పనేల? వ్రేలాడు దీపము దగ్గరగా ఉన్నచో చర్మము కాలును. రాత్రియంతయు వెలుగు ఉండుటచే నిద్ర చెడును. అన్నిటికంటె ముఖ్యమైనది యొకటి: చెట్టుపై దానికి వేడి ఎక్కువైనచో జరుగుటకు నీడ ఉండును, గంపక్రింద ఎక్కడికి జరుగును?

విదేశములలో కొందరు పంజరములయందే పుట్టిన యెమెన్ ఊసరవెల్లులను పెంచుచుందురు. వారిలో తెలిసినవారు దీపమును పంజరమునకు వెలుపలనే ఉంచుదురు. ఒక మూల వెచ్చగాను, మరియొక మూల చల్లగాను ఉండునట్లు చూచి, ఏది కావలయునో ఎంచుకొనుటను ప్రాణికే విడుతురు. రాత్రి దీపమార్పి, చల్లదనమును రానిత్తురు. అనగా వారు ఎంతో వ్యయముతో చేయునది, చింతచెట్టు ఊరకయే చేయుపనికి అనుకరణము మాత్రమే.

మనదేశమున ఊసరవెల్లిని పట్టుటయు, పెంచుటయు నేరము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది. అయినను విషప్రాణి యను భ్రమచేత దానిని రాళ్లతో కొట్టువారు ఇప్పటికిని కలరు. దానికి విషము లేదు. బెదరినప్పుడు బుసకొట్టి, నోరు తెరచి, దేహము ఉబ్బించుట తన్ను కాపాడుకొనుటకు చేయు బెదిరింపు మాత్రమే. పురుగులను తిని జీవించు ఈ ప్రాణి రైతునకు కీడు చేయునది కాదు.

చలివేళ బాటపై ఊసరవెల్లి కనబడినచో చేయదగిన సాయము చిన్నది. ఒక ఎండుకొమ్మను దాని ముందు ఉంచినచో అది మెల్లగా ఎక్కును. అది పోవుచున్న దిక్కుననున్న పొదపై దానిని విడువవలెను. ఆడుది గ్రుడ్లు పెట్టుటకై నేలకు దిగి గోయి త్రవ్వుచున్నచో, దూరముగా తొలగిపోవలెను. ఉదయమున కొమ్మపై నల్లబడి కదలకున్నదానిని చచ్చినదని తలపరాదు. ఎండ ఎక్కువరకు ఓపిక పట్టవలెను. గాయపడినదానిని గాలి ఆడు గంపలో ఆకుకొమ్మతో ఉంచి, గాలివాన తగులని చోట నిలిపి, అటవీశాఖవారికి తెలుపవలెను. నిప్పు దగ్గరకు చేర్పరాదు. బలవంతముగా మేత పెట్టరాదు, చల్లని దేహమున అది జీర్ణము కాదు.

బాలుడు గంపనెత్తి, ఊసరవెల్లిని తెచ్చిన కంచెమీదనే మరల విడిచినచో, మరునాటి ఉదయమున అతడొక వింత చూడగలడు. కొండ వెనుకనుండి తొలికిరణము కంచెపై పడును. చిటారుకొమ్మనున్న లేత ఆకువంటి ప్రాణి మెల్లగా నల్లబడును. ప్రక్కకు ఒరిగి ఎండను త్రాగును. తుదకు ఒక కన్ను సూర్యునివైపును, ఒక కన్ను బాలునివైపును త్రిప్పును. దానికి కావలసిన కుంపటి ఆకాశముననే ఉన్నది. మనుష్యుడు దానికి మిగుల్పవలసినది ఆ కంచెయు, ఆ చెట్టును మాత్రమే.