డ్రాయింగు మొరాయిస్తే తప్పు కంప్యూటరుదేనా?

సర్వే పటంపై భవనం ప్లాను గీస్తుంటారు. మౌస్ కదిపిన కాసేపటికి గానీ తెరపై గుర్తు కదలదు. జూమ్ చేస్తే తెర బిగుసుకుపోతుంది. ఆటోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్ వాడే సివిల్ ఇంజినీర్లకు, డ్రాఫ్ట్స్‌మెన్‌కు, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇది కొత్త కాదు. కంప్యూటర్ పాతబడింది, కొత్తది కొనాలనే ఆలోచన వెంటనే వస్తుంది. కానీ చాలాసార్లు లోపం యంత్రంలో కాకుండా ఫైలులోనే ఉంటుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. అదే కంప్యూటర్‌లో ఖాళీ డ్రాయింగు తెరిచి నాలుగు గీతలు గీయండి. అక్కడ కూడా నెమ్మదిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్‌నో, చాలని ర్యామ్‌నో అనుమానించాలి. అక్కడ చురుగ్గా ఉంటే, మొరాయిస్తున్న ఫైలునే పరిశీలించాలి.

ఫైలు ఎందుకు బరువెక్కుతుంది?

ఫొటో అంటే రంగు చుక్కల సముదాయం. డ్రాయింగు అలా కాదు. ఒక గీత అంటే దాని రెండు కొసల నిరూపకాలు. వాటిని లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ గీతను తెరపై చూపిస్తుంది. ఒకే గోడ గీత ఒకదానిపై ఒకటి పదిసార్లు పడితే మన కంటికి ఒక్కటే కనిపిస్తుంది. కంప్యూటర్ మాత్రం పదింటినీ లెక్కిస్తుంది. ఇటుక, కాంక్రీటు గుర్తులతో నింపే హ్యాచ్‌లో వేలాది చిన్న గీతలు ఉండవచ్చు. ఇతర ఫైళ్ల నుంచి భాగాలు తెచ్చి అతికించినప్పుడు మనకు అక్కరలేని బ్లాకులు, లేయర్లు కూడా వెంట వస్తాయి.

ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ కొన్నా ఆశించినంత ఫలితం దక్కకపోవచ్చు. ఆటోక్యాడ్ పనుల్లో చాలా భాగం ఒకే కోరుపై నడుస్తుంది.

అందుకే ముందు ఫైలును శుభ్రం చేయాలి. ఆడిట్ కమాండు ఫైలులోని లోపాలను వెతికి సరిచేస్తుంది. పర్జ్ వాడని బ్లాకులను, లేయర్లను తొలగిస్తుంది. ఓవర్‌కిల్ ఒకదానిపై ఒకటి పడిన గీతలను తీసేస్తుంది. వీటిలో ఏది వాడినా ముందుగా ఫైలుకు నకలు దాచుకోవాలి.

దూరం తెచ్చే చిక్కు

శుభ్రం చేసినా చిక్కు తీరకపోతే, డ్రాయింగు మూలబిందువుకు ఎంత దూరంలో ఉందో చూడాలి. సర్వే పటాల్లో తరచూ వాడే యూటీఎం పద్ధతిలో ఉత్తర నిరూపకాన్ని భూమధ్యరేఖ నుంచి లెక్కిస్తారు. హైదరాబాద్‌కు అది సుమారు 19 లక్షల మీటర్లు. ఆటోక్యాడ్ ఫైలులో నిరూపకాలు 64 బిట్ల సంఖ్యలుగా ఉంటాయి. వాటిలో 15 అంకెల వరకు కచ్చితత్వం ఉంటుంది. అయితే గ్రాఫిక్స్ కార్డు వేగం కోసం సాధారణంగా 32 బిట్ల సంఖ్యలు వాడుతుంది. వాటిలో కచ్చితత్వం దాదాపు 7 అంకెలే. 19 లక్షల దగ్గర ఒక 32 బిట్ల సంఖ్యకూ దాని పక్క సంఖ్యకూ మధ్య ఎడం 0.125. మీటర్లలో చూస్తే పన్నెండున్నర సెంటీమీటర్లు. అంటే నాలుగున్నర అంగుళాల గోడ మందం కంటే ఎక్కువ! అందుకే మూలబిందువుకు చాలా దూరంలో గీసిన గీతలు వంకరగా, వణుకుతున్నట్టు కనిపించవచ్చు. హ్యాచ్ సరిగా నిండకపోవచ్చు, స్పందన మందగించవచ్చు.

అలాగని సర్వే పటాన్ని మూలబిందువు దగ్గరకు జరిపేయకూడదు. స్థలంలో టోటల్ స్టేషన్‌తో పునాది గుర్తులు పెట్టేది ఆ నిరూపకాల ఆధారంగానే. జరిపిన పటాన్ని తిరిగి అమర్చేటప్పుడు కొద్దిపాటి తేడా వచ్చినా పునాది పక్కకు జరుగుతుంది. భవనం ప్లానును మూలబిందువు దగ్గర వేరే ఫైలుగా గీసి, సర్వే పటమున్న ఫైలులో దాని స్థానంలో ఎక్స్‌రెఫ్‌గా జతచేయడం మేలు. ఎంత జరిపారో, ఎంత కోణం తిప్పారో డ్రాయింగుపైనే రాసి ఉంచాలి.

కొత్త కంప్యూటర్‌కు డబ్బు పెట్టే ముందు ఖాళీ డ్రాయింగు పరీక్షకు రెండు నిమిషాలు కేటాయించండి. ఆ ఖర్చు అవసరమో కాదో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.