అటక మీది టీవీ గేమ్‌ దించండి!

బీటెక్‌ అయిపోయి తొమ్మిది నెలలు. చేతిలో ఉద్యోగం లేదు. ‘ఏం చేస్తున్నావ్‌ బాబూ?’ అని అడుగుతారని బంధువుల పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేశాను. అలాంటి రోజుల్లో సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద నా చిన్ననాటి టీవీ గేమ్‌ దొరికింది. మీ ఇంట్లోనో, మీ అన్నయ్య పాత సామాన్లలోనో అలాంటిది ఉండే ఉంటుంది. పసుపు రంగు క్యాసెట్‌, దాని మీద వేలల్లో ఆటలున్నాయని రాసి ఉంటుంది. తీరా చూస్తే అవే పది ఆటలు పేర్లు మారి మళ్లీ మళ్లీ వస్తుంటాయి!

దాని అడాప్టర్‌ పోయింది. రూటర్‌ అడాప్టర్‌ పిన్ను సరిపోయింది కదా అని గుచ్చేశాను. గుప్పున కమురు వాసన! మా సందు చివర టీవీ మెకానిక్‌ బాబాయ్‌ దగ్గరకు పట్టుకెళితే, ‘పిన్ను పట్టింది సరే, ప్లస్సు మైనస్సు చూశావా?’ అన్నాడు. ఇప్పటి అడాప్టర్లలో సాధారణంగా పిన్ను మధ్యభాగం ప్లస్‌. ఈ పాత డబ్బాలో అది మైనస్‌. నాలుగేళ్లు ఈసీఈ చదివిన నాకు ఆ ఆలోచనే రాలేదు. 7805 అనే మూడు కాళ్ల వోల్టేజ్‌ రెగ్యులేటర్‌ కాలిపోయింది. బాబాయ్‌ సోల్డరింగ్‌ ఐరన్‌ నా చేతికే ఇచ్చి, ‘నువ్వే మార్చు’ అన్నాడు. గంట పట్టింది. టీవీలో మారియో కనిపించేసరికి డిగ్రీ పట్టా అందుకున్న రోజుకన్నా ఎక్కువ సంతోషం వేసింది. నా పాత గేముల సేకరణ మొదలైంది అలాగే.

ఆ డబ్బాలో ఏముంది?

మనం ఆడుకున్న టీవీ గేములు చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు. అసలు యంత్రంలో ప్రోగ్రామ్‌ వాడుకునే ర్యామ్‌ 2 కేబీ మాత్రమే. 1985లో వచ్చిన ‘సూపర్‌ మారియో బ్రదర్స్‌’ ఆట మొత్తం 40 కేబీ. మీ ఫోన్లో ఒక్క సెల్ఫీ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అంత ఇరుకులో ఎలా సర్దారంటారా? ఆకాశంలో మబ్బునీ, నేల మీద పొదనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే! మెమరీ పొదుపు గురించి ఏ టెక్స్ట్‌బుక్కూ నాకింత బాగా చెప్పలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కనిపించినవన్నీ కొనకండి. ఒక్క కన్సోల్‌ ఎంచుకోండి. ముందు చుట్టాల ఇళ్లలో అడగండి, సగం సరుకు అటకల మీదే ఉంది. తర్వాత సెకండ్‌హ్యాండ్‌ సంతలు. హైదరాబాద్‌లో ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపిగ్గా తిరగండి. కొత్తవాళ్లకు నేను చెప్పేది 2000లో వచ్చిన ప్లేస్టేషన్‌ 2. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన కన్సోల్‌ ఇదే కాబట్టి పాతవాటిలో దీన్ని వెతకడం సులువు.

కొనేముందు ఆన్‌ చేసి చూపించమనండి. డిస్క్‌తో నడిచేదైతే కనీసం పావుగంట ఆడండి. లెన్స్‌ అరిగిపోయి ఉంటే ఆట మధ్యలో ఆగిపోతుంది. పీఎస్‌పీ లాంటి చేతిలో పట్టుకునేవాటిలో బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే ఆ బ్యాటరీని వాడొద్దు. అమెరికా నుంచి మీ కజిన్‌ తెచ్చిన పాత కన్సోల్‌ అయితే వెనక వోల్టేజ్‌ చదవండి. 120 వోల్టులని ఉంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెట్టకూడదు, స్టెప్‌డౌన్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ ఉండాల్సిందే. డిస్కులకు రీజియన్‌ లాక్‌ కూడా ఉంటుంది. అక్కడి కన్సోల్లో ఇక్కడి డిస్క్‌ ఆడకపోవచ్చు.

ఉఫ్‌... ఊదకండి!

క్యాసెట్‌ పనిచేయకపోతే అందరం ఊదినవాళ్లమే. నిజానికి బాగయ్యేది ఊదడం వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల. నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌లో ఇయర్‌ బడ్‌ ముంచి తుడిచి, ఆరాక పెట్టండి. బాతుల్ని కాల్చే తుపాకీ ఎల్‌ఈడీ టీవీ ముందు పనిచేయదు. అది పాత పిక్చర్‌ ట్యూబ్‌ టీవీ వెలుగును నమ్ముకుని తయారైంది. అలా అని పాత టీవీ తెచ్చి మూత విప్పకండి. ప్లగ్‌ తీసేసినా లోపల ప్రాణాంతకమైన హైవోల్టేజ్‌ నిలిచి ఉంటుంది.

జేబు సంగతి

నేను నెలకు 500 రూపాయలు దాటకూడదని గీత గీసుకున్నాను. ట్యూషన్లు చెప్పి సంపాదించిన డబ్బు అది. ఫీజు డబ్బుతోనో, అప్పు చేసో కొనకండి. ‘రేపు లక్షలు పలుకుతుంది’ అనే మాట నమ్మి అసలే కొనకండి. ఒక్క రూపాయీ పెట్టలేకపోయినా ఫర్వాలేదు. సీసీ65 అనే ఉచిత కంపైలర్‌తో ఆ పాత యంత్రానికి సీ భాషలో మీరే చిన్న ఆట రాయొచ్చు. దాన్ని కంప్యూటర్లో ఎమ్యులేటర్‌ మీద ఆడి చూసుకోవచ్చు.

రెజ్యూమెలో ఒక్క లైన్‌

అంతకుముందు నా రెజ్యూమెలో హాబీలంటే క్రికెట్‌, పాటలు వినడం. అవి తీసేసి ‘పాత గేమ్‌ కన్సోళ్ల మరమ్మతు, 6 బాగుచేశాను’ అని రాశాను. ప్రతిదానికీ ఏం పాడైంది, ఎలా కనుక్కున్నాను, ఏం మార్చాను అని ఫొటోలతో నోట్‌బుక్‌ పెట్టుకున్నాను. ఓ ఎంబెడెడ్‌ కంపెనీ ఇంటర్వ్యూలో ఆ లైన్‌ దగ్గరే ఆగారు. కాలిపోయిన రెగ్యులేటర్‌ కథ చెబుతుంటే నా గొంతులో వణుకు పోయింది. గేముల వల్లే ఉద్యోగం వచ్చిందని మాత్రం చెప్పను. తర్వాత అరగంట పాయింటర్ల మీద చెమటలు పట్టించారు, ఒక ప్రశ్నకు తెలియదనే చెప్పాను. కానీ ఆ రోజు మొదటిసారి బట్టీ పట్టినది కాకుండా, చేసిన పని గురించి మాట్లాడాను.

ఈ ఆదివారం అటక ఎక్కండి. ఏది దొరికినా ప్లగ్‌ పెట్టేముందు మాత్రం ప్లస్సు, మైనస్సు చూసుకోండి!